కొలతలు పట్టుకోకుండా ఇంట్లో లజానియా: ఏది మార్చొచ్చు, ఏది మార్చకూడదు?

కాకినాడ కాజా

అందరికీ నమస్కారం. ఈ ఆదివారం ఇంట్లో లజానియా చేద్దామనుకుంటున్నాను. అదే, వెడల్పాటి పాస్తా షీట్ల మధ్య సాస్, చీజ్ పొరలుగా పేర్చి ఓవెన్‌లో కాల్చే ఇటలీ వంట. మా అత్తగారు మాంసం, గుడ్డు ముట్టరు. మావారికి మటన్ లేనిదే ముద్ద దిగదు. అంటే రెండు పళ్లేలు చేయాలి.

కూరైనా పులుసైనా కంటితో చూసి, చేత్తో వేసుకునే అలవాటు నాది. లజానియా కోసం వెతికితే ఒకరు కప్పుల్లో చెబుతున్నారు, ఇంకొకరు ఔన్సుల్లో. ఒకరు రికోటా అనే మెత్తటి చీజ్ లేకపోతే లజానియానే కాదంటారు, మరొకరు వైట్ సాస్ ఒక్కటే చాలంటారు. ఏ రెండు వంటలూ కలవడం లేదు. ఇన్ని రకాలుగా చేసినా అందరికీ కుదురుతోందంటే వీటన్నిటికీ అడుగున ఏదో ఒక సూత్రం ఉండాలి కదా? అది తెలిస్తే మిగతాది నేను చూసుకుంటాను.

ఇంట్లో ఉన్నవి: ఉడకబెట్టక్కర్లేదని రాసి ఉన్న షీట్ల ప్యాకెట్, చిన్న ఓటీజీ ఓవెన్, మోజరెల్లా చీజ్, అమూల్ చీజ్, పాలకూర, టమాటాలు, పుట్టగొడుగులు. మటన్ కైమా ఆ రోజు పొద్దున్నే తెప్పిస్తాను.

రాగిజావ

నాకూ ఇదే కావాలి. పక్కన కూర్చుంటున్నా.

పెద్దాపురం పిన్ని

కాజా గారూ, సూత్రం ఉంది. అది నీళ్ల లెక్క. లజానియా బాగా వచ్చిందా లేదా అనేది చీజ్ రకం వల్ల తేలదు, ఎన్ని వరసలు పేర్చారన్న దానివల్లా తేలదు. షీట్లకు కావలసినంత తడి అందిందా, అందాక మిగులు ఏమైనా ఉండిపోయిందా, అక్కడ తేలుతుంది.

ఎండు పాస్తా ఉడికేసరికి సుమారుగా రెట్టింపు బరువు అవుతుంది. అంటే 200 గ్రాముల షీట్లు పేరిస్తే దగ్గరదగ్గర 200 గ్రాముల నీరు లోపలికి లాక్కుంటాయి. ముందే ఉడకబెట్టి పేర్చేవాళ్లకు ఆ నీరు గిన్నెలోనే ఎక్కేసింది. మీలా పచ్చి షీట్లు నేరుగా పేర్చేవాళ్లకు అది సాస్‌లోంచి రావాలి. ఇదొక్కటి గుర్తుంటే మీరు చూసిన వంటలన్నీ ఎందుకు తేడాగా ఉన్నాయో అర్థమవుతుంది. ఉడికిన షీట్లు వాడేవాళ్ల సాస్ గట్టిగా ఉంటుంది, ఉడకనివి వాడేవాళ్ల సాస్ జారుగా ఉంటుంది. ఒకరి సాస్ తీసుకుని ఇంకొకరి షీట్ల మీద వేస్తే చెడుతుంది.

ఇక ఒక్కో భాగం కంటితో ఎలా చూడాలో చెప్తాను.

ఎర్ర సాస్: టమాటా మగ్గాక గరిటెతో బాణలి అడుగున ఒక గీత గీయండి. గీత ఒక్క క్షణం నిలిచి, తర్వాత నెమ్మదిగా మూసుకోవాలి. గీతలోకి పల్చటి నీరు పరుగెత్తుకొస్తే ఇంకా మరగాలి. అలా కుదిరాక, ఉడకని షీట్లు వాడుతున్నారు కాబట్టి, ఒక అరకప్పు వేణ్నీళ్లు పోసి కలపండి. ముందు మరిగించి మళ్లీ నీళ్లెందుకంటారేమో. టమాటాలో ఎంత నీరుందో మనకు తెలియదు, మనం పోసింది ఎంతో తెలుసు. అందుకు.

తెల్ల సాస్: వెన్న, మైదా సమాన బరువు. అర లీటరు పాలకు ఒక్కోటి 30 నుంచి 35 గ్రాములు. వెన్న కరిగాక మైదా వేసి, రంగు మారకుండా పచ్చి వాసన పోయేదాకా రెండు నిమిషాలు వేయించి, పాలు కొద్దికొద్దిగా పోస్తూ తిప్పాలి. గరిటె వెనక వేలితో గీస్తే ఆ గీత నిలవాలి, గరిటె వంచితే సాస్ ధారగా జారాలి. ఇది చల్లారే కొద్దీ గట్టిపడుతుంది, కాబట్టి పొయ్యి మీద ఉన్నప్పుడు కొంచెం పల్చగా అనిపిస్తేనే సరైనది. ఉప్పు, మిరియాల పొడి, కాస్త జాజికాయ గీరి వేయండి. జాజికాయ మాత్రం వదలకండి, పాల వాసనను అదే కమ్మగా మారుస్తుంది.

కూరగాయలు: పాలకూరను వేడినీళ్లలో ముంచి తీసి, చల్లారాక రెండు చేతులతో గట్టిగా పిండాలి. పుట్టగొడుగులను పెద్ద మంట మీద, వాటి నీరంతా ఇగిరి అంచులు ఎర్రబడేదాకా వేయించాలి. వంకాయ చక్రాలకు ఉప్పు రాసి అరగంట వదిలి, తుడిచి వేయించాలి. వీటిని పచ్చిగా పేరిస్తే ఓవెన్‌లో నీళ్లు వదులుతాయి, ఆ నీరు పళ్లెం అడుగుకు చేరుతుంది.

పేర్చేటప్పుడు అడుగున ముందు సాస్, ఆపైనే షీటు. షీటు మీద సాస్ కొసల దాకా పాకాలి. పొడిగా మిగిలిన కొస ఓవెన్‌లో అప్పడంలా గట్టిపడి, ఇక మెత్తబడదు. అన్నిటికన్నా పై షీటును తెల్ల సాస్‌తో పూర్తిగా కప్పేయండి.

కొలత అవసరమైంది వెన్న, మైదా దగ్గర ఒక్కచోటే. మిగతాదంతా మీ కన్ను చాలు.

బొలోన్యా తెలుగోడు

పిన్ని గారు చెప్పింది అక్షరాలా నిజం. నేను ఉద్యోగరీత్యా ఇటలీలోని బొలోన్యాలో ఉంటున్నాను, ఇక్కడి పద్ధతి కూడా చెబితే కాజా గారికి పోల్చుకోవడానికి ఉంటుంది.

ఇక్కడి లజానియాలో మోజరెల్లా ఉండదు, రికోటా ఉండదు. నాలుగే ఉంటాయి: పాలకూర కలిపిన ఆకుపచ్చ గుడ్డు పాస్తా, రాగూ అనే మాంసం సాస్, బెషమెల్ అనే తెల్ల సాస్, పార్మిజానో చీజ్ తురుము. రాగూలో టమాటా మనం అనుకున్నంత ఉండదు. ఇటాలియన్ వంటల అకాడమీ వాళ్లు 1982 అక్టోబరు 17న ఇక్కడి వాణిజ్య మండలిలో రాగూ వంటను అధికారికంగా నమోదు చేయించారు. అప్పటి ఆ వంటలో 300 గ్రాముల గొడ్డు మాంసం, 150 గ్రాముల పాన్చెట్టా అనే పంది మాంసానికి టమాటా సాస్ ఐదు చెంచాలే. క్యారట్, సెలరీ, ఉల్లిపాయ ఉన్నాయి. వెల్లుల్లి లేదు. ఒక గ్లాసు పాలు ఉన్నాయి. మాంసం రుచి ముందుకు రావాలి, టమాటా వెనక ఉండాలి అన్నది వాళ్ల ఉద్దేశం.

బెషమెల్ పల్చటి పొరగా, రాగూ అక్కడక్కడా తప్ప కనిపించనంత పల్చగా పరుస్తారు. పాస్తా కూడా చాలా పల్చన. అందుకే వరసలు ఎక్కువ పడతాయి. మన దగ్గర చాలామంది మూడు షీట్లు, మధ్యలో లావుగా కూర పెడుతున్నారు. అది తినడానికి బాగానే ఉండొచ్చు గానీ, లజానియాలో నోటికి ముందు తగలాల్సింది పాస్తా.

ఓరుగల్లు వంటిల్లు

అన్నా, నీ మాటకు అడ్డం చెప్తలేను గానీ, ఐదు చెంచాల టమాటాతోని మా ఇంట్ల ఒక్కరు కూడ తినరు. మేం కైమా వండితే అల్లం వెల్లుల్లి వడ్తది, కారం వడ్తది, ఆఖర్ల కొత్తిమీర వడ్తది. దాన్నే షీట్ల నడుమ వెడ్త. పైన తెల్ల సాసు. పిల్లలు గిన్నె నాకి పెడ్తరు. గిది లజానియా కాదంటవా?

బొలోన్యా తెలుగోడు

కాదనను అన్నా. ఇటలీలోనే ఊరికో రకం ఉంది. నేపుల్స్‌లో కార్నివాల్ పండగకు చేసేదాంట్లో బెషమెల్ అస్సలు ఉండదు. రికోటా, చిన్నచిన్న మాంసం ఉండలు, ఉడికించిన గుడ్ల ముక్కలు, టమాటా రాగూ వేస్తారు. మార్కె ప్రాంతంలో విన్చిస్‌గ్రాస్సి అని కోడి కార్జం, కందనకాయ వేసి చేస్తారు. జెనోవా వైపు తులసి జాతి బేసిల్ ఆకులు నూరిన పెస్తోతో, మాంసం లేకుండా చేస్తారు. టమాటా ఇటలీకి వచ్చిందే అమెరికా ఖండాల నుంచి 16వ శతాబ్దంలో. లజానియా అంతకుముందే ఉంది. 14వ శతాబ్దం తొలినాళ్ల నాటి లాటిన్ వంటల గ్రంథం లిబెర్ దె కొక్వీనాలో, పులియబెట్టిన పిండిని పల్చగా ఒత్తి, మూడు వేళ్ల వెడల్పు చదరాలుగా కోసి, ఉడికించి, తురిమిన చీజ్ వరసవరసగా చల్లుతూ పేర్చమని ఉంది. కావాలంటే మసాలా పొడి కూడా చల్లుకోమంది.

నేను చెప్పేది ఒక్కటే. మార్చండి, కానీ ఏది ఎందుకు ఉందో తెలుసుకుని మార్చండి. మీ కైమాలో కారం, అల్లం ఘాటు ఉన్నాయి కాబట్టి తెల్ల సాస్ కాస్త ఎక్కువ వేయాలి, చప్పగా ఉంచాలి. అప్పుడు రెండూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి.

ఓరుగల్లు వంటిల్లు

గదే చేస్తున్న అన్నా. తెల్ల సాసుల ఉప్పు తక్కువేస్త, పచ్చిమిర్చి అసలే వెయ్య. మంచిగ చెప్పినవ్.

కాజా అక్కా, మటన్ కైమా గురించి ఒక ముచ్చట. చికెన్ కైమా లెక్క పావుగంటల అయితదనుకోకు. కొవ్వు కొంచెం ఉన్న కైమా తెప్పించు, మొత్తం ఎర్ర మాంసమైతే ఓవెన్ల ఎండి పలుకులు పలుకులు అయితది. పెద్ద మంట మీద, కలుపుడు తక్కువ చేసి, కైమా అడుగున ఎర్రగ పట్టుకునేదాక వేయించు. గా పట్టుకున్న దాంట్లనే రుచి ఉంటది, కొంచెం నీళ్లు పోసి గీరితే సాసులకు దిగుతది. తర్వాత కుక్కర్ల మెత్తగ ఉడికించు. మూత తీసినంక పిన్ని చెప్పిన గీత నిలిచేదాక నీళ్లు ఇంకించు. ముందు రోజు రాత్రే చేసి ఫ్రిజ్ల పెట్టుకుంటే ఇంకా మంచిగుంటది.

కాకినాడ కాజా

ఎంత వివరంగా చెప్పారు అందరూ! పిన్ని గారూ, నీళ్ల లెక్క అనగానే అన్నీ ఒక్కసారి విడిపోయాయి. తమ్ముడూ, కైమా శనివారమే తెప్పించి వండేస్తాను.

రెండు సందేహాలు. అత్తగారి పళ్లెంలో రికోటా బదులు పనీర్ వేయొచ్చా? పార్మెజాన్ కూడా కొందామనుకుంటున్నాను, అది ఆవిడకు పెట్టొచ్చు కదా?

పప్పుచారు

పార్మెజాన్ దగ్గర ఆగండి కాజా గారూ. నేను పూర్తి శాకాహారిని కాబట్టి దీని గురించి బాగా వెతికాను. అసలు ఇటలీ పార్మిజానో రెజ్జానోలో పాలు విరగడానికి దూడ కడుపులోంచి తీసిన రెనెట్ వాడతారు. ఆ పేరుతో అమ్మాలంటే అది తప్పనిసరి నియమం. గ్రానా పదానో అనే చీజ్ కూడా అంతే. మీ అత్తగారికి తెలియకుండా పెట్టేయడం సరి కాదు. మన దగ్గర సూక్ష్మజీవుల నుంచి తీసిన రెనెట్‌తో చేసిన చీజ్‌లు దొరుకుతాయి, ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క చూసి తీసుకోండి. మీ దగ్గరున్న మోజరెల్లాకు కూడా ఆ చుక్క చూసుకోండి. షీట్ల ప్యాకెట్ మీద గుడ్డు ఉందేమో కూడా చదవండి. కొన్ని కంపెనీల షీట్లలో ఉంటుంది.

పనీర్ వేయొచ్చు గానీ గట్టి పనీర్ తురిమి వేస్తే రవ్వరవ్వగా మిగిలిపోతుంది. రికోటా అసలు తీరు వేరు, చీజ్ తీయగా మిగిలిన విరుగుడు నీటిని మళ్లీ కాచి తీస్తారు. దానికి దగ్గరగా రావాలంటే ఇంట్లోనే పాలు విరగ్గొట్టండి. చిక్కటి పాలు పొంగు వచ్చే ముందు మంట తగ్గించి, నిమ్మరసం కొద్దికొద్దిగా పోసి, విరగ్గానే దించి గుడ్డలో వడకట్టండి. పిండొద్దు, బరువు పెట్టొద్దు. పది నిమిషాలు వేలాడదీసి, ఇంకా తడిగా ఉండగానే తీసి, రెండు చెంచాల మీగడ, ఉప్పు, మిరియాలు వేసి మెదపండి. పిండేసిన పాలకూర సన్నగా తరిగి అందులోనే కలిపేయండి. శాకాహార లజానియాకు ఇంతకు మించిన పొర లేదు.

ఇంకో మాట. కూరగాయల లజానియాకు మాంసంలోని కొవ్వు, గాఢత ఉండవు, అందుకే చాలాసార్లు చప్పిడిగా అనిపిస్తుంది. బాగా ఎర్రగా వేయించిన పుట్టగొడుగులు ఆ లోటు తీరుస్తాయి. ఎర్ర సాస్‌లో ఉల్లిపాయ కూడా నిదానంగా, రంగు తిరిగేదాకా వేగాలి. ఈ రెండింటికీ సమయం ఇవ్వండి. అన్ని రకాల కూరగాయలూ ఒకేసారి వేయకండి, రెండు చాలు. సొరకాయ, బీరకాయ లాంటివి వేయమని కొందరు చెబుతారు, నేను వద్దంటాను. వాటి నీళ్లు ఎంత వేయించినా పూర్తిగా పోవు.

డాలస్ అత్తయ్య

అమ్మాయ్ కాజా, ఇక్కడ అమెరికాలో మామూలుగా చేసేది నేపుల్స్ వైపు నుంచి వచ్చినవాళ్ల పద్ధతికి దగ్గర. రికోటా, మోజరెల్లా, టమాటా సాస్. వైట్ సాస్ వేసేవాళ్లు తక్కువ. తలా ఒక వంట తెచ్చుకునే మా తెలుగువాళ్ల పాట్‌లక్‌లలో పాలకూర, రికోటా లజానియా లేని రోజు ఉండదు. ఎందుకంటే ముందురోజు పేర్చి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు, ఒక్క పళ్లెంతో పదిమందికి వస్తుంది, పిల్లలూ పెద్దలూ తింటారు.

చాలామంది రికోటాలో గుడ్డు కలుపుతారు, ముక్క కోసినప్పుడు విడిపోకుండా ఉండటానికి. మీ అత్తగారు తినరు కాబట్టి దాని బదులు తెల్ల సాస్ రెండు గరిటెలు కలుపు. అందులో మైదా ఉంది కాబట్టి అదే పట్టి ఉంచుతుంది.

చీజ్ సంగతి. మోజరెల్లా సాగుతుంది గానీ రుచి తక్కువ. అమూల్ ప్రాసెస్డ్ చీజ్ సాగదు, కరిగి క్రీములా అవుతుంది, ఉప్పు ఎక్కువ. కాబట్టి మోజరెల్లా పైన చల్లు, అమూల్ చీజ్ తురిమి తెల్ల సాస్‌లోనే కరిగించు. అలా చేస్తే సాస్‌లో ఉప్పు చీజ్ వేశాకే చూసుకుని వెయ్యి. ప్రతి పొరా విడిగా రుచి చూడు. ఎర్ర సాస్ ఒక్కటే నోట్లో వేసుకుంటే కూరకి ఉండే ఉప్పు కన్నా ఒక చిటికెడు తక్కువ ఉండాలి, ఎందుకంటే చీజ్ దాన్ని నింపుతుంది.

ముందు రోజు పేర్చి పెట్టుకోవాలంటే ఒక జాగ్రత్త. ఉడకని షీట్లు రాత్రంతా సాస్‌లో తడి పీల్చేస్తాయి, పొద్దున్నకి పైన పొడిబారి కనిపిస్తుంది. ఓవెన్‌లో పెట్టే ముందు అంచుల వెంట పావుకప్పు వేడి పాలు పొయ్యి.

రాగిజావ

అత్తయ్య గారూ, ఉడకబెట్టాల్సిన షీట్లే దొరికాయి నాకు. ఉడకబెడితే ఒకదానికొకటి అతుక్కుంటున్నాయని చదివాను. వేరే దారి ఉందా?

డాలస్ అత్తయ్య

ఉందమ్మా. ఉడకబెట్టకు. వెడల్పాటి పళ్లెంలో బాగా కాగిన నీళ్లు పోసి, షీట్లను ఒక్కోటీ అడ్డదిడ్డంగా వేసి పావుగంట నానబెట్టు. మధ్యలో ఒకసారి కదుపు. వంగేంత మెత్తబడితే చాలు, తీసి గుడ్డ మీద ఆరబెట్టి పేర్చెయ్యి. సాస్ మధ్యస్థంగా ఉండాలి, మరీ జారుగా వద్దు, సగం నీరు ముందే తాగేశాయి కాబట్టి.

గోంగూర పచ్చడి

మా ఊళ్లో షీట్లే దొరకవండీ. గుడ్డు లేకుండా ఇంట్లో ఒత్తుకోవచ్చా?

బొలోన్యా తెలుగోడు

తప్పకుండా ఒత్తుకోవచ్చు. ఇక్కడి లెక్క 100 గ్రాముల మైదాకు ఒక గుడ్డు. గుడ్డు వద్దంటే దక్షిణ ఇటలీ పద్ధతి ఉంది, రవ్వ, నీళ్లు మాత్రమే. అక్కడి రవ్వ డ్యూరమ్ అనే గట్టి రకం గోధుమది, మన బొంబాయి రవ్వ సాధారణంగా అది కాదు, కాబట్టి రవ్వ ఒక్కటే అయితే సరిగా సాగదు. సన్నటి చిరోటి రవ్వ సగం, మైదా సగం తీసుకోండి. గోరువెచ్చటి నీళ్లు కొద్దికొద్దిగా చల్లుతూ, పూరీ పిండి కన్నా గట్టిగా కలపండి. పది నిమిషాలు మడిచి మడిచి నొక్కాలి. మొదట్లో పగుళ్లుగా ఉంటుంది, నీళ్లు పోసేయకండి, నొక్కే కొద్దీ నునుపు వస్తుంది. మూతపెట్టి అరగంట వదిలేసి, అప్పుడు ఒత్తండి. కింద పెట్టిన వేళ్లు నీడగా కనిపించేంత పల్చన కావాలి.

పచ్చి షీట్లను ఉప్పునీళ్లలో ఒక నిమిషం వేసి తీసి, చల్లటి నీళ్లలో ముంచి, గుడ్డ మీద పరచండి. ఎండు షీట్లలా ఇవి నీళ్లు లాక్కోవు, తడి ముందే ఉంది. సాస్ గట్టిగా ఉంచండి.

ఇక్కడ ఈ పని చేసే ఆడవాళ్లను స్ఫోలీనే అంటారు. పొడుగాటి కర్రతో, యంత్రం లేకుండా, బల్లంత వెడల్పు పాస్తా ఒత్తుతారు. చపాతీ ఒత్తే మన చేతులకు ఇది కొత్త విద్యేమీ కాదు.

ఇనప పెనం

ఓటీజీ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను రాస్తున్నాను. చిన్న ఓటీజీలో విదేశీ వంటల్లో చెప్పే 23 బై 33 సెంటీమీటర్ల పళ్లెం పట్టదు. 20 సెంటీమీటర్ల చదరపు పళ్లెం తీసుకోండి, ఎత్తు ఐదారు సెంటీమీటర్లు ఉండాలి. పట్టినా పళ్లేనికీ గోడలకూ మధ్య గాలి తిరిగే చోటు మిగలాలి.

పది నిమిషాలు ముందే వేడి చేయండి, 180 డిగ్రీలు, రెండు రాడ్లూ ఆన్. చిన్న ఓటీజీలో పై రాడ్ చాలా దగ్గరగా ఉంటుంది, లోపల ఉడికేలోపే పైన మాడుతుంది. కాబట్టి మొదటి 25, 30 నిమిషాలు ఫాయిల్ కప్పి ఉంచాలి. ఫాయిల్ ఆవిరిని కూడా లోపలే పట్టి ఉంచుతుంది, షీట్లు ఉడికేది ఆ ఆవిరిలోనే. తర్వాత ఫాయిల్ తీసి, పైన రంగు వచ్చేదాకా 10, 15 నిమిషాలు. గడియారాన్ని పూర్తిగా నమ్మకండి. అంచుల్లో బుడగలు రావాలి, నడిమధ్యలో సన్నటి కత్తి గుచ్చితే ఎక్కడా తట్టుకోకుండా దిగాలి. ఒక షీటు దగ్గర తట్టుకుంటే మళ్లీ కప్పి ఇంకో పది నిమిషాలు.

తీశాక 15, 20 నిమిషాలు కదపకుండా వదిలేయండి. ఇది ఆకలితో ఉన్నవాళ్లకి కష్టమే, కానీ పిండి పదార్థం చల్లారే కొద్దీ సాస్‌ను గట్టిపరుస్తుంది. వెంటనే కోస్తే ఎంత బాగా చేసినా పొరలు జారి పళ్లెంలో కుప్ప పడుతుంది. అప్పుడు నీళ్లు ఎక్కువయ్యాయనుకుని వచ్చేసారి సాస్ గట్టిగా చేస్తారు, అది ఇంకోలా చెడుతుంది.

ఓవెన్ లేనివాళ్లు కూడా చేసుకోవచ్చు. మందపాటి, లోతైన గిన్నెలో పేర్చి, బిగుతుగా మూతపెట్టి, కింద ఇనప పెనం వేసి సన్న సెగ మీద 35, 40 నిమిషాలు ఉంచండి. ఉడకని షీట్లు కాకుండా నానబెట్టినవి వాడండి, అడుగు సాస్ కాస్త ఎక్కువ వేయండి. పైన ఎర్రగా కాలదు, మిగతాదంతా వస్తుంది.

గాజు పళ్లెం వాడేవాళ్లు ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే వేడి ఓవెన్‌లో పెట్టొద్దు. పగిలే ప్రమాదం ఉంది. అరగంట బయట ఉంచండి.

కాకినాడ కాజా

నాది 20 సెంటీమీటర్ల గాజు పళ్లెమే, రెండు ఉన్నాయి. ఒక్కో పళ్లేనికి సరుకు ఎంత పడుతుందో ఉజ్జాయింపుగా ఎవరైనా చెబుతారా? కొనడానికి మాత్రమే.

పెద్దాపురం పిన్ని

కొనడానికైతే ఇలా రాసుకోండి. కైమా అర కిలో. టమాటాలు ముప్పావు కిలో, బాగా పండినవి. మన హైబ్రిడ్ టమాటాల్లో గుజ్జు ఉంటుంది గానీ రుచి తక్కువ, నాటువి పులుపెక్కువ, సగం సగం కలుపుకోండి. పులుపు మరీ ముందుకొస్తే ఒక క్యారట్ తురిమి మగ్గించండి, పంచదార కన్నా అదే మేలు. పాలు అర లీటరు. చీజ్ అంతా కలిపి 200 గ్రాములు దాటక్కర్లేదు. పాలకూర నాలుగు కట్టలు, పిండాక గుప్పెడే మిగులుతుంది, కంగారు పడకండి.

షీట్లు పళ్లేనికి సరిపడకపోతే విరిచి నింపండి. ముక్కలు ఒకదాని మీద ఒకటి ఎక్కువగా ఎక్కకుండా చూడండి, రెండు మందాలు కలిసిన చోట ఉడకదు.

సాస్ మిగిలితే ఇంకో వరస వేయాలన్న ఆశ పెట్టుకోవద్దు. పళ్లెం అంచుకు ఒక వేలు కింద ఆపండి, పొంగి ఓవెన్‌లో కారితే పొగ వస్తుంది.

గోంగూర పచ్చడి

మిగిలింది ఎన్నాళ్లు ఉంటుంది?

డాలస్ అత్తయ్య

ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు. ముక్కలుగా కోసి, పూర్తిగా చల్లారాక గాలి తగలకుండా చుట్టి ఫ్రీజర్‌లో పెడితే రెండు మూడు నెలలు. మళ్లీ వేడి చేసేటప్పుడు ఒక చెంచా నీళ్లు చల్లి మూతపెట్టు, నడిమధ్య దాకా పొగలు వచ్చేలా వేడెక్కాలి. రెండో రోజు ముక్క మొదటి రోజు కన్నా బాగుంటుందని మా ఇంట్లో అందరి మాట.

రాగిజావ

ఒక వింత అడగొచ్చా? మా అక్క స్టీలు పళ్లెంలో చేసిన లజానియా మీద ఫాయిల్ కప్పి ఫ్రిజ్‌లో పెట్టింది. మర్నాడు చూస్తే ఫాయిల్‌కి సన్నటి చిల్లులు, కింద చీజ్ మీద బూడిద రంగు మచ్చలు. పురుగు పట్టిందేమోనని మొత్తం పారేసింది. ఏమై ఉంటుంది?

ఇనప పెనం

పురుగు కాదు. అది బ్యాటరీ. నేను ఎలక్ట్రికల్ వాణ్ని కాబట్టి ఇది చెప్పడం నాకు ఇష్టం. ఫాయిల్ అల్యూమినియం, పళ్లెం స్టీలు, మధ్యలో ఉప్పూ పులుపూ ఉన్న తడి సాస్. రెండు వేర్వేరు లోహాలు పళ్లెం అంచు దగ్గర తాకుతూ, ఇంకోవైపు ఒకే ద్రావణంలో తగిలితే సన్నటి కరెంటు పారుతుంది, అల్యూమినియం కరిగిపోతుంది. చిల్లులు సరిగ్గా ఆహారం ఫాయిల్‌కి తగిలిన చోటే పడతాయి. ఇంగ్లీషులో దీన్ని లజానియా సెల్ అనే అంటారు, అంత మామూలుగా జరుగుతుంది.

మీ అక్కగారు మొత్తం పారేయక్కర్లేదు, మచ్చ పడ్డ పైభాగం గీకి తీసేస్తే సరిపోయేది. గాజు, పింగాణీ పళ్లేల్లో ఈ గొడవ రాదు. స్టీలే వాడితే లజానియా మీద ముందు బేకింగ్ కాగితం పరిచి, దాని మీద ఫాయిల్ కప్పండి. ఓవెన్‌లో ఉండే అరగంటకు భయం లేదు. రాత్రంతా నిల్వ ఉంచాలంటే మూత ఉన్న గాజు డబ్బాలోకి మార్చేయండి.